వేపపూతకు లొంగిన కోటి రూపాయల కారు

మాదాపూర్: ఉగాదికి వేపచెట్టు పూస్తుంది. ఆ పూత పచ్చడిలో పడితే పండుగ. కోటి రూపాయల కారు నెత్తిన పడితే మాత్రం మిరుగు కార్తె దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. తొలకరి కురిసిన మర్నాడు తెలుస్తుంది. తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంటుంది. కాలు పెడితే కింది కార్పెట్టు నాటు వేసిన మడిలా జవజవలాడుతుంది. తాళం తిప్పితే ముందున్న గడియారాల పలకలో ఎర్ర దీపాలు, పసుపు దీపాలు అన్నీ ఒక్కసారిగా వెలిగి తిరునాళ్ళను తలపిస్తాయి. బండి మాత్రం కదలదు.

హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కారు మెకానిక్కులకు, అంతకంటే ఎక్కువగా కారు డ్రైవర్లకు ప్రతి వానాకాలం ఎదురయ్యే సమస్య ఇది. ఆ డ్రైవర్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్ళినవారే కనుక ఇది నగరం వాళ్ళ గొడవ అని వదిలేయడానికి లేదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కల ఉన్నవి రాళ్ళగుట్టలు, చెరువులు, తుప్పలు. తర్వాత కంప్యూటర్ కంపెనీలు వచ్చాయి. వాటి వెంట జీతాలు, జీతాల వెంట కార్లు వచ్చాయి. మొదట్లో కారంటే నాలుగు చక్రాలు, నలుగురు మనుషులు. ఇప్పుడు ఇద్దరే కూర్చునే, నేలకు జానెడెత్తున పాకే పందెం కార్లు కూడా ఈ రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఆదివారం తెల్లవారుజామున చేవెళ్ళ మర్రిచెట్ల కింద నుంచి అనంతగిరి గుట్టలవైపు గర్జిస్తూ దూసుకుపోయేవి ఇవే. పాలక్యాన్లు వేసుకుని వెళ్ళే సైకిళ్ళవాళ్ళకు, బర్రెలను తోలుకువెళ్ళే పిల్లలకు ఆ మోత బాగా పరిచయం.

అంతటి కారూ ఒక్కోసారి రోడ్డు పక్కన చల్లగా ఆగిపోతుంది. చుట్టూ జనం మూగుతారు. ట్రాక్టరు బాగుచేసే కుర్రాడు వచ్చి బానెట్టు ఎత్తమంటాడు. ఎత్తితే అక్కడ ఇంజను ఉండదు, సామాన్లు పెట్టుకునే గుంట ఉంటుంది. పోర్షే 911 వంటి కార్లలో ఇంజను వెనకాల, సామాను పెట్టె ముందు. ఈ వింతకు ఓ నవ్వు నవ్వుకుని వెళ్ళిపోయేవారే ఎక్కువ. నిజానికి ఈ కార్లకు వచ్చే రోగాల్లో సగం ట్రాక్టరుకు వచ్చేవే. పేరులోనూ బిల్లులోనూ తేడా.

కప్పు కాదు, మండువా

ముందుగా నెత్తిమీది అద్దం సంగతి. దీన్ని సన్‌రూఫ్ అంటారు. మీట నొక్కితే అద్దం వెనక్కు జరిగి ఆకాశం కనబడుతుంది. అద్దం చుట్టూ రబ్బరు పట్టీ ఉంది కాబట్టి నీళ్ళు లోపలికి రావని చాలామంది అనుకుంటారు. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. ఆ రబ్బరు నీటిని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. కొంత నీరు దిగుతుందని తయారుచేసినవారికి తెలుసు. దిగిన నీటిని పట్టడానికి అద్దం చట్రం చుట్టూ లోపల ఒక సన్నని కాలువ ఉంటుంది. ఆ కాలువ మూలల్లో రంధ్రాలు, ఆ రంధ్రాలకు రబ్బరు గొట్టాలు తగిలించి ఉంటాయి. ముందు గొట్టాలు ముందు అద్దం పక్కనున్న స్తంభాల్లోంచి, వెనక గొట్టాలు వెనక స్తంభాల్లోంచి దిగి నీటిని బండి కిందికి వదులుతాయి.

పాత మండువా లోగిళ్ళు చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మండువాలో వాన పడకుండా ఎవరూ ఆపలేదు. పడిన నీరు తూములోంచి బయటికి పోయేటట్టు చూశారు, అంతే. తూముకు చెత్త అడ్డం పడిందా, నీరు గదుల్లోకి వస్తుంది. కారులోనూ అంతే.

తూము మూసుకుపోవడానికి హైటెక్ సిటీని మించిన చోటు లేదు. ఎటు చూసినా కొత్త మేడలు లేస్తుంటాయి. వాటి సిమెంటు దుమ్ము, రాతిపొడి కార్ల మీద పేరుకుంటుంది. నీడ కోసం చెట్టుకింద నిలిపిన కారు మీద వేపపూత, రాలిన ఆకుల ముక్కలు పడతాయి. రెండు నెలల ఎండకు ఇదంతా కాలువలో పొడిలా పడి ఉంటుంది. మొదటి వానకు ముద్దవుతుంది. ఆ ముద్ద గొట్టం మూతిలో బిరడాలా బిగుసుకుంటుంది. వేసవి ఎండకు రబ్బరు గొట్టం కూడా పెళుసుబారి ఉంటే చెప్పేదేముంది, కీలు దగ్గర ఊడిపోయి నీళ్ళన్నీ లోపలి గుడ్డ కప్పు మీదకే దిగుతాయి.

గ్లాసుడు నీళ్ళతో పరీక్ష

నీళ్ళు కారుతున్నాయని వెళ్తే కొందరు రబ్బరు పట్టీ మార్చాలని చెబుతారు. అద్దం చుట్టూ జిగురు పూస్తామనేవారు కూడా ఉన్నారు. దానివల్ల అద్దం తెరుచుకోకపోగా నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఖర్చు పెట్టేముందు ఒక గ్లాసుడు నీళ్ళతో తేల్చుకోవచ్చు.

అద్దం తెరిచి ముందు మూలలోని రంధ్రం దగ్గర నీళ్ళు మెల్లగా పోయాలి. బాగున్న గొట్టమైతే కాసేపటికి బండి కింద, ముందు చక్రం వెనకనో తలుపు దగ్గరో నీరు ధారగా కారుతుంది. అలా నాలుగు మూలలూ చూడాలి. నీరు కాలువలోనే నిలబడితే గొట్టం మూసుకుపోయినట్టు. నీరు దిగిపోయి బయటికి రాకుండా కార్పెట్టు తడిస్తే గొట్టం ఊడినట్టు. ఈ రెంటికీ మందు వేరువేరు.

మూసుకుపోయిన గొట్టాన్ని శుభ్రం చేయడానికి గడ్డి కోసే మిషనుకు వాడే నైలాను తాడు బాగా పనికివస్తుంది. కొసను కాస్త గుండ్రంగా చేసి మెల్లగా తిప్పుతూ పంపాలి. ఇనుప తీగ పెడితే గొట్టానికి చిల్లు పడుతుంది. పంక్చరు షాపులో గాలి గొట్టం పెట్టి జోరుగా కొట్టడం ఇంకా ప్రమాదం. ఆ జోరుకు లోపలి కీలు ఊడిపోతుంది. తర్వాత దాన్ని తగిలించాలంటే లోపలి కప్పు గుడ్డ మొత్తం దింపాలి. పది నిమిషాల పని రెండు రోజుల పని అవుతుంది.

అద్దం కదలకపోతే

మీట నొక్కినా అద్దం కదలకపోతే ముందు చెవి పెట్టి వినాలి. మోటారు మోత వస్తూ అద్దం కదలకపోతే లోపలి లాగుడు కేబులో పళ్ళచక్రమో అరిగినట్టు. మోత అసలు లేకపోతే మొదట ఫ్యూజు చూడాలి. ఫ్యూజుల రంగుల్లోనే వాటి బలం తెలిసిపోతుంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కాలిపోయిన దాని బదులు అదే రంగుది వేయాలి. పెద్దది వేస్తే అప్పటికి పని జరుగుతుంది, తర్వాత ఫ్యూజు బదులు తీగ కాలుతుంది. రాగి తీగ చుట్టి పెట్టడం మన స్టార్టరు పెట్టెల దగ్గర అలవాటైన పద్ధతే కానీ ఇక్కడ అది కొరివితో తల గోక్కోవడమే.

ఇంకో చిత్రమైన జబ్బు ఉంది. అద్దం సగందాకా మూసుకుని మళ్ళీ దానంతటదే వెనక్కు పోతుంది. దయ్యం పట్టిందనుకోనక్కర్లేదు. పిల్లల చేతులు నలగకుండా పెట్టిన రక్షణ అది. దారిలో ఏదో అడ్డం తగిలిందని మోటారుకు అనిపిస్తే వెనక్కు తిరుగుతుంది. పట్టాలలో దుమ్ము, ఎండిన గ్రీజు చేరినా దానికి అలాగే అనిపిస్తుంది. పట్టాలు తుడిచి కంపెనీ చెప్పిన గ్రీజు పలచగా రాస్తే చాలాసార్లు సరిపోతుంది. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత ఈ జబ్బు వస్తే, అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మోటారు మరచిపోయినట్టు. చాలా కార్లలో మూసే మీటను కొన్ని సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకుంటే అద్దం ఒకసారి పూర్తిగా తిరిగి మళ్ళీ నేర్చుకుంటుంది. అలా నేర్చుకునే సమయంలో కొన్ని బండ్లలో చేతి రక్షణ పనిచేయదు. ఆ మీట నొక్కేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి.

పిల్లల మాట వచ్చింది కనుక మరొకటి. సంక్రాంతికి నగరం నుంచి వచ్చిన కార్లలో పిల్లలను నిలబెట్టి, తల పైకి పెట్టించి ఊరంతా తిప్పడం ఇప్పుడు వేడుకగా మారింది. 2025 సెప్టెంబరులో బెంగుళూరులో అలా నిలబడిన ఒక బాలుడి తలకు రోడ్డుకు అడ్డంగా కట్టిన ఎత్తు కమ్మీ తగిలి గాయాలయ్యాయి. మన ఊళ్ళలో కమ్మీలు లేకపోవచ్చు. మర్రి ఊడలు, వేలాడే కరెంటు తీగలు, పెళ్ళి పందిరి వాసాలు ఉన్నాయి.

చిలుము పట్టిన మాటలు

కప్పులోంచి దిగిన నీరు కాళ్ళ దగ్గరే ఆగితే ఇంత చిక్కు ఉండేది కాదు. కార్పెట్టు కింద మందపాటి స్పంజి ఉంటుంది. పైన ఆరినట్టు కనిపించినా అది వారాల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. దానికిందే తీగల కట్టలు పోతాయి. చాలా కార్లలో సీట్ల కిందో కాళ్ళ దగ్గరో చిన్న కంప్యూటర్ పెట్టెలు కూడా అక్కడే ఉంటాయి. పోర్షే బాక్స్‌స్టర్ పాత మోడళ్ళలో తాళం చెవిని గుర్తుపట్టే పెట్టె సీటు కిందే ఉంది. అది తడిస్తే యజమానే వచ్చి తాళం పెట్టినా దొంగ వచ్చాడనుకుంటుంది. చాలా బిఎండబ్ల్యూ కార్లలో బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. వెనక గొట్టం మూసుకుపోతే నీరు చేరేది ఆ డిక్కీలోకే.

పాత అంబాసిడర్‌లో ఒక్కో దీపానికి ఒక్కో తీగ. తీగ తెగితే ఆ దీపం ఒక్కటే ఆరేది. ఇప్పటి కార్లలో అలా కాదు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో ఒక పద్ధతిని బయటపెట్టింది. కాన్ అని పేరు. మెలిపెట్టిన రెండు తీగల మీద బండిలోని పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఊళ్ళో దండోరా వేస్తే అందరికీ వినబడుతుంది, ఎవరి పని వారు చేసుకుంటారు. అలాంటిదే. కానీ ఒక ఇంటి దగ్గర ఎవరో ఆపకుండా డప్పు వాయిస్తుంటే దండోరా ఎవరికీ వినబడదు. నీళ్ళు దిగి చిలుము పట్టిన ఒక్క కీలు చేసే పని అదే. ఆకుపచ్చటి ఆ చిలుము వల్ల తప్పుడు మాటలు పుట్టి, బ్రేకుల పెట్టె, ఇంజను పెట్టె, దీపాల పెట్టె అన్నీ కలవరపడతాయి. దీపాలన్నీ ఒకేసారి వెలిగేది అందుకే. అన్నీ చెడిపోయాయని చెప్పి అన్నీ మార్చడానికి పూనుకుంటే యజమాని కొంప మునిగినట్టే.

మంచి పనివాడు ముందు డబ్బాలు మార్చడు. బ్యాటరీ విప్పి, స్టీరింగు కింద ఉండే 16 సూదుల సాకెట్టులో 6, 14 నంబర్ల మధ్య మీటరు పెడతాడు. చాలా కార్లలో దాదాపు 60 ఓములు చూపాలి. రెండు కొసల్లో 120 ఓముల నిరోధాలు పెట్టి ఉంటాయి కనుక రెండూ కలిసి 60 వస్తాయి. 120 చూపితే ఎక్కడో ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుకున్నాయి. కొన్ని ఖరీదైన బండ్లలో మధ్యలో ఒక కాపలా పెట్టె ఉంటుంది, వాటికి ఈ లెక్క కుదరదు. ఆ బండి పటం చూసి కొలవాల్సిందే.

ఎర్తు మరచిపోతే ఎన్ని చేసినా వృథా. బ్యాటరీ నుంచి వెళ్ళిన కరెంటు తిరిగి రావడానికి బండి ఒళ్ళే దారి. ఆ దారిలో తుప్పు పడితే దీపాలు మసకబారతాయి, అద్దం మోటారు నీరసపడుతుంది. లైట్లు వేసి ఉంచి మీటరు ఒక కొసను బ్యాటరీ మైనసు మీద, రెండో కొసను బండి ఇనుము మీద పెట్టాలి. ఒకటి రెండు పదవ వంతుల వోల్టుకు లోపు ఉంటే మంచిదే. అంతకు మించితే ఎర్తు బోల్టు విప్పి గీకి బిగించాలి. ఇందుకు కావలసింది గరుకు కాగితం ముక్క.

అయిదు రోజుల నిద్ర

పందెం కారుకు ఇంకొక శాపం ఉంది. అది రోజూ తిరగదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అపార్టుమెంటు సెల్లారులో నిద్రపోతుంది. నిద్రలోనూ గడియారం, దొంగ గంట, తాళం కోసం కనిపెట్టుకుని ఉండే పెట్టె కొంచెం కొంచెంగా కరెంటు తాగుతుంటాయి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు లోపు. అంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీకి నెల్లాళ్ళ దాకా భయం లేదు. అదే తడిసిన పెట్టె ఒకటి నిద్రపోకుండా అర ఆంపియరు తాగుతుంటే రోజుకు 12 పోతాయి. సోమవారం పెట్టిన బండి శనివారం లేవదు. పగిలిన కుళాయి కింద బిందె పెట్టి పొద్దున చూసిన ఇల్లాలికి ఈ లెక్క తెలుసు.

రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 సగం. 12కు దిగితే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో పనిచేస్తున్నట్టు. కొత్త బండ్లలో కాస్త అటూ ఇటూ కావచ్చు. దొంగచాటుగా తాగే కరెంటును పట్టుకోవాలంటే తలుపులు మూసి, తాళం వేసి, అరగంట నుంచి గంట దాకా ఆగాలి. పెట్టెలన్నీ నిద్రపోయాక కొలవాలి. తొందరపడి ముందే కొలిచినవాడికి ప్రతి బండీ రోగిష్టిదే.

బ్యాటరీ పూర్తిగా చస్తే పోర్షేలో ఇంకొక తిప్పలు. బ్యాటరీ ముందు పెట్టెలో ఉంటుంది, ఆ మూత తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. తాళం చెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు! దీనికి దారి ఉంది. చాలా మోడళ్ళలో లోపల కాళ్ళ దగ్గరున్న ఫ్యూజుల పెట్టెలోంచి ప్లస్సు కొస ఒకటి బయటికి లాగవచ్చు. దానికి వేరే బ్యాటరీ ప్లస్సు, తలుపు తాళం పడే ఇనుప కొక్కానికి మైనసు తగిలిస్తే మూత తెరుచుకునేంత కరెంటు వస్తుంది. బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చదివేవారు తక్కువ. మూత మీద గడ్డపార పెట్టకుండా ఆ పుస్తకం అడిగి తీసుకోవడం రోడ్డు పక్క సాయం చేసేవారికి మంచిది.

ఎలుకల సంగతి వేరే చెప్పాలి. సెల్లారులో తిండి దొరికే చోట అవి ఇంజనులో కాపురం పెట్టి తీగలు కొరుకుతాయి. గడ్డివాము దగ్గర ట్రాక్టరు నిలిపే రైతుకు ఇది కొత్త కాదు. జపానుకు చెందిన హోండా కంపెనీ అయితే మిరప ఘాటు పట్టించిన టేపునే తీగలకు చుట్టడానికి అమ్మకానికి పెట్టింది. గుంటూరు మిరపకు ఇదొక కొత్త కొలువు కావచ్చు.

నింద ఎవరి మీద

బండి తడిసిన పొద్దున మొదటి మాట పడేది డ్రైవరుకు. ‘రాత్రి అద్దం మూశావా లేదా?’ అని సారు అడుగుతారు. మూశానంటే నమ్మకం కుదరదు. సీటు తడిసి ఉంది, నెత్తిన అద్దం ఉంది, మధ్యలో డ్రైవరు ఉన్నాడు. లక్షల బిల్లు వచ్చినప్పుడు జీతంలో కోత, ఒక్కోసారి కొలువే పోవడం. పల్లెలో అప్పు చేసి లైసెన్సు, బ్యాడ్జి తీసుకుని వెళ్ళినవాడికి అది చిన్న దెబ్బ కాదు. గొట్టం మూసుకుపోతే అద్దం బిగించి మూసినా నీరు దిగుతుందని గ్లాసుడు నీళ్ళతో అక్కడికక్కడే చూపించవచ్చు. మే నెలాఖరులోనే నాలుగు మూలలూ శుభ్రం చేసి, నీరు కిందికి కారేటప్పుడు సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి సారుకు పంపితే తర్వాత మాట పడనక్కర్లేదు.

పాత కారు కొనబోయేవారికి

నగరంలో మునిగిన కారు ఎప్పుడో ఒకప్పుడు జిల్లాకు వస్తుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి హైదరాబాదులో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. కార్లు కాగితపు పడవల్లా కొట్టుకుపోయాయి. మునిగిన కార్లను కడిగి, తుడిచి, అత్తరు కొట్టి తక్కువ ధరకు అంటగట్టే వ్యాపారం దేశంలో ఎక్కడ వరద వచ్చినా జరిగేదే. చౌకగా సన్‌రూఫ్ కారు వస్తోందని బయానా ఇచ్చేముందు కొన్ని చూసుకోవాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. వరద నీటి గీత, మట్టి మరక ఉంటే అక్కడే ఉంటాయి, కడిగేవారు అంతదాకా లాగరు. సీటు కింది పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి వేళ్ళకు ఒండ్రు అంటుతుందేమో చూడాలి. కార్పెట్టు మూల ఎత్తి స్పంజిని గట్టిగా నొక్కాలి. పండుగలా అత్తరు వాసన కొడితే అనుమానించాలి. అద్దాలన్నీ మూసి అరగంట ఎండలో నిలిపితే అసలు వాసన బయటికి వస్తుంది.

ఇంట్లో ఉన్న కారే వరదలో చిక్కుకుంటే తాళం తిప్పకూడదు. నీరు ఇంజనులోకి పోయి ఉంటే ఒక్క తిప్పుతో లోపలి కడ్డీలు వంగుతాయి. నీటిలో స్టార్టు చేసి పాడుచేసుకున్న ఇంజనుకు మామూలు ఇన్సూరెన్సు చాలాసార్లు వర్తించదు, ఇంజను రక్షణ అని విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. బ్యాటరీ మైనసు విప్పేసి, లాగుడు బండి మీద షెడ్డుకు చేర్చి, కార్పెట్టు పూర్తిగా ఊడదీయించి స్పంజిని ఎండకు వేయాలి. వడ్లు ఎండినట్టు రెండు రోజుల్లో ఎండేది కాదు అది. తిరగేసి తిరగేసి వారం పడుతుంది.